ఫోను అమ్మేశాం... తాళంచెవి తీసుకున్నామా?



మన హాస్టల్లో ట్రంకుపెట్టెకు తాళం వేయకుండా స్నానానికి కూడా వెళ్ళం. మరి ఫోనులో, నెట్ సెంటర్ కంప్యూటర్లో మన పేరూ పాస్‌వర్డూ వదిలేసి ఎలా వెళ్ళిపోతున్నాం? ఈ ప్రశ్న నాకు నష్టం జరిగాకే తట్టింది.

మా అమ్మకు షుగర్ ఉంది. స్కాలర్‌షిప్ డబ్బులతో బ్లూటూత్ ఉన్న షుగర్ మిషన్ కొనిచ్చాను. వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్ష చేయగానే ఆ అంకె ఫోనులోని యాప్‌కు, అక్కడి నుంచి కంపెనీ సర్వర్‌కు వెళుతుంది. హాస్టల్లో ఉండి నేనూ చూడొచ్చు. కొన్నాళ్ళకు పరీక్ష ఫీజు కోసం అమ్మ దగ్గరున్న పాత ఫోను మా ఊరి కుర్రాడికే అమ్మాం. ఫొటోలు తుడిచాను గానీ, యాప్‌లో లాగవుట్ చేయలేదు.

అమ్మ కొత్త ఫోనుతో పరీక్ష చేసుకుంటుంటే ఆ అంకెలు పాత ఫోనులోనూ కనిపించాయి. నెల తిరక్కుండా బజార్లో "ఏందొదినా, నీకు మూడొందల షుగరంట గదా!" అన్నారు. మిరప కోతకు పిలిచే మేస్త్రీ "ఎండకు పడిపోతే నా మీదికొస్తది" అని అమ్మను పిలవడం మానేశాడు. ఆ సీజన్లో ఆమెకు పోయిన కూలి నా తప్పుకు కట్టిన జరిమానా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. "సదువుకున్న నీకే తెలవకపోతే మాకేం తెలుస్తది?" అన్న అమ్మ మాటకు నా దగ్గర జవాబు లేదు.

అసలు ఏం జరుగుతుంది?

మొదటిరోజు అడ్మిషన్ కాగితం చూపి హాస్టల్లో చేరతాం. తర్వాత ఐడీ కార్డు చూపిస్తే చాలు. పాస్‌వర్డ్ అడ్మిషన్ కాగితం లాంటిది. ఒకసారి లాగిన్ అయ్యాక సర్వర్ ఫోనుకిచ్చే 'టోకెన్' ఐడీ కార్డు లాంటిది. యాప్ ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగకపోవడానికి కారణం ఇదే. కాబట్టి ఫోనులో దాచిన పాస్‌వర్డ్‌ను మాత్రమే చెరిపేస్తే కాగితం చించినట్టే. కార్డు ఇంకా ఎదుటివాడి జేబులోనే ఉంటుంది. రెండూ తీసేయాలి.

ఏ వరుసలో చేయాలి?

1. ముందుగా డాక్టరుకు చూపాల్సిన పాత రీడింగులు నోటుబుక్కులో రాసుకోండి.

2. యాప్‌లో లాగవుట్ చేయండి. 'అన్ని పరికరాల నుంచి లాగవుట్' అని ఉంటే అదే నొక్కండి. యాప్‌ను తీసేసినంత మాత్రాన కంపెనీ దగ్గరున్న ఖాతా పోదు.

3. ఫోను లేదా బ్రౌజర్ సెట్టింగ్స్‌లో 'పాస్‌వర్డ్స్' తెరిచి, ఆ సర్వీసు పేరు వెతికి డిలీట్ చేయండి. నెట్ సెంటర్లో 'పాస్‌వర్డ్ సేవ్ చేయాలా?' అంటే ఎప్పుడూ వద్దనే చెప్పండి.

4. కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. చాలా సర్వీసుల్లో దీంతో పాత టోకెన్లు చెల్లవు; అన్నిటిలో అలా ఉండదు, అందుకే రెండో మెట్టు మరవొద్దు.

5. బ్లూటూత్ జాబితాలోంచి మిషన్‌ను తీసేయండి. మిషన్‌నే ఎవరికైనా ఇస్తుంటే దాని మెమరీలోని రీడింగులూ చెరపండి.

6. ఫోను అమ్మేటప్పుడు గూగుల్ ఖాతా తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే చేతికివ్వండి.

ఫోను ఇప్పటికే చేయి దాటిపోతే? కంగారు పడకండి. మరో ఫోను నుంచి రెండు, నాలుగు మెట్లు చేయండి. గూగుల్ ఖాతాలో 'మీ పరికరాలు' అనే చోట పాత ఫోనును సైనౌట్ చేయవచ్చు. నేనూ చివరికి అలాగే చేశాను.

ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడకండి. 2018లో మైఫిట్‌నెస్‌పాల్ అనే ఆహార, వ్యాయామ యాప్‌కు చెందిన సుమారు 15 కోట్ల ఖాతాల వివరాలు బయటివాళ్ళ చేతికి చిక్కాయి. ఒకచోట పోయిన తాళంచెవితో దొంగ పది తలుపులు తట్టి చూస్తాడు.

ఇక సర్వీసే వద్దనుకుంటే ఖాతాను పూర్తిగా తొలగించమని కంపెనీని కోరండి. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు, డేటా తొలగించమని అడిగే హక్కు రాసి ఉన్నాయి. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి.

జబ్బు దాచుకోవాల్సిన తప్పేమీ కాదు. కానీ ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు జబ్బుపడ్డ మనిషిదే. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల ఫోను ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. పది నిమిషాల పని. మన చదువు మొదట ఉపయోగపడాల్సింది మన ఇంటికే కదా!