అద్దె సైకిలు, 104 గోలులు

హౌరానుండి చెన్నైకి పోవు మెయిలు బండి, ఒకప్పుడు వాల్తేరు అనబడిన విశాఖపట్నము స్టేషనులో ఆగిన పిమ్మట ఇంజనును ఒక కొననుండి విప్పి రెండవ కొనకు తగిలింతురు. అంతవరకు కడపటిదిగా నుండిన పెట్టె మొదటిదై, బండి వచ్చిన దిక్కునకే మొగము త్రిప్పుకొని సాగిపోవును. ఈ ముచ్చట నెరుగని విశాఖవాసి యుండడు. ఆ యినుపదారి యొకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేది. 1902లో ఈస్టుకోస్టు రైలుమార్గపు ఉత్తరభాగము ఆ కంపెనీ వశమైన నాటినుండి ‘బి.ఎన్.ఆర్.’ అను మూడక్షరములు వాల్తేరు ప్రజల నిత్యవ్యవహారములో చేరిపోయినవి. 1933లో మన నౌకాశ్రయము తెరువబడినప్పుడు మధ్యపరగణాల సరకును రేవునకు దించినదియు ఆ కంపెనీ వేసిన రాయపూరు మార్గమే. కంపెనీ పోయినది, 1955లో ఆగ్నేయ రైల్వే యేర్పడినది, పాత పేరు కాగితములనుండి తొలగినది. అయినను కలకత్తా మైదానములో ఆ రైల్వే పక్షమున ఆడిన ఫుట్‌బాల్ జట్టు మాత్రము తన పాత పేరును విడువలేదు. తెలుగునాట పుట్టి పెరిగి, గోలులు కొట్టుటలో దేశమంతటను పేరుగాంచిన తులసీదాస్ బలరాం తన క్లబ్బు జీవితమును ముగించినది ఆ బి.ఎన్.ఆర్. జట్టులోనే.

బలరాం 1936లో సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబమున జన్మించెను. దండు మైదానముల అంచున పెరిగిన ఆ బాలునకు బంతిమీద నున్నంత మక్కువ పుస్తకములమీద లేకపోయెను. కుమారుడు చదువుకొని సర్కారు కొలువులో కుదురుకొనవలెనని తల్లి కోరిక. బూట్లు కొనుటకు ఇంట సొమ్ము లేదు గనుక, పోలీసులు తొడిగి విడిచిన చినిగిన బూట్లను సంపాదించి, చెప్పులు కుట్టువానిచేత ఆటకు పనికివచ్చునట్లు కుట్టించుకొని, వాటితోనే అతడు మైదానమున దిగెను. ఈనాటివారికి ఇది చిన్న సంగతిగా దోపవచ్చును. కాని 1948 ఒలింపిక్సులో మన దేశపు జట్టులో పెక్కుమంది వట్టికాళ్లతో ఆడిరనియు, 1952లో హెల్సింకిలో యుగోస్లావియా మనపై పది గోలులు చేసిన తరువాతనే బూట్లు తప్పనిసరి యయ్యెననియు జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, ఆ పేదపిల్లవాడు కుట్టించుకొన్న పాత తోలు ఎంతటి ముందుచూపో బోధపడును.

ఆ కాలమున హైదరాబాదు ఫుట్‌బాలునకు గురుస్థానము సయ్యద్ అబ్దుల్ రహీముది. ఆయన వృత్తిచేత బడిపంతులు. జనులు ‘రహీం సాబ్’ అని పిలిచెడివారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయి రోవర్సు కప్పును గెలిచి, ఆ కప్పు తమ సొంత సొత్తేమో యనిపించునట్లు చేసెను. కుడికాలు వాటమున్నవాడు ఎడమకాలితోనే ఆడవలెనని నియమము పెట్టి ఆయన పోటీలు నడిపెడివారు. వాటము లేని కాలు సైతము వాటమునకు రావలెనని ఆయన పట్టు. సికింద్రాబాదు లీగు ఆటలలో బలరామును చూచిన రహీం, 1956లో సంతోష్ ట్రోఫీకై హైదరాబాదు జట్టును ఎన్నుకొను సందర్భమున అభ్యాసమునకు రమ్మని పిలిచిరి. సికింద్రాబాదునుండి హైదరాబాదునకు దినదినము వచ్చిపోవుటకు తనవద్ద డబ్బు లేదని ఆ యువకుడు చెప్పగా, సైకిలు అద్దెకు తీసికొనుమని రహీం తమ చేతి సొమ్మునిచ్చిరి. ఆ అద్దె సైకిలు మీదనే బలరాం భారతీయ ఫుట్‌బాలులోనికి ప్రవేశించెను. ఆ యేడు హైదరాబాదు సంతోష్ ట్రోఫీని గెలిచెను. సంవత్సరాంతమునకు బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును పొందిన భారత జట్టులో నుండెను.

1957లో అతడు కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో ఆడసాగెను. కలకత్తాలో క్లబ్బు అనగా ఏమో తెలియనివారికి ఒక్క మాట చెప్పవలెను. అది తీరికవేళ పేకాడుకొను స్థలము కాదు. అది ఒక ఊరి అభిమానము, ఒక జాతి జ్ఞాపకము. 1920లో స్థాపింపబడిన ఈస్ట్ బెంగాల్, 1947లో దేశము చీలి, తూర్పు బెంగాలునుండి ఇల్లు వాకిళ్లు విడిచి వచ్చిన లక్షలాది కాందిశీకులకు పోగొట్టుకొన్న పుట్టిల్లు అయ్యెను. ఎరుపు, బంగారు వన్నెల ఆ జట్టు గెలిచిన దినమున ఇలిశ చేపకు, అనగా మన గోదావరి తీరమువారు ప్రాణప్రదముగా నెంచు పులసకు, అంగడిలో గిరాకి హెచ్చును. ఎదుటి పక్షమైన మోహన్ బగాన్ గెలిచినచో ఆ గౌరవము రొయ్యలకు దక్కును. ఈస్ట్ బెంగాలునకు దక్షిణాది ఆటగాండ్రపై మక్కువ కొత్తది కాదు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమ్మద్ ఖాన్, సాలే అను ఐదుగురు ముందువరుసవారు 1950 ప్రాంతమున ఆ క్లబ్బులో పంచపాండవులని పేరొందిరి. వారిలో పలువురు దక్షిణదేశమునుండి వెళ్లినవారే. ఆ పాండవుల తరువాత ఖాళీపడిన చోట బలరాం నిలిచెను.

ఆ కాలపు ఆటలో ముందువరుసన ఐదుగురుందురు. నడుమ నుండువాడు సెంటర్ ఫార్వర్డు; అతనికి ఇరుప్రక్కల నుండు ఇన్‌సైడ్ ఆటగాండ్రు వెనుకకు వచ్చి బంతిని తెచ్చుకొని ముందున్నవారికి అందింపవలెను, అవకాశము దొరికినచో తామే గోలు చేయవలెను. కొనలయందలి వింగు ఆటగాండ్రు గీతవెంట పరుగెత్తి బంతిని నడుమకు కొట్టవలెను. బలరాం ఎడమప్రక్క ఇన్‌సైడ్ స్థానమునను, ఎడమ వింగునను, అవసరమైనచో నడుమను ఆడగల సమర్థుడు. గోలు కొట్టుటయే పనిగా గోలుముందర కాచుకొని యుండక, బంతికై వెనుకకు వచ్చి, దానిని చేతబట్టుకొన్నట్లు కాలికి అదుపులో నుంచుకొని, ఒక్క తాకుతో తోటివానికి అందించి, తాను ఖాళీస్థలమునకు జారిపోయి, మరల అందుకొని కొట్టుట అతని పద్ధతి. గోలుల పట్టికలో ఇచ్చినవాని పేరుండదు, కొట్టినవాని పేరే యుండును. ఈ రెండు పనులును చేసినవాని పట్టిక నిండుగా నుండుట మరింత విశేషము.

ఆ పట్టిక ఇట్లున్నది. 1958లో ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలిచెను, 1960లో డ్యురాండు కప్పును మోహన్ బగానుతో పంచుకొనెను. కలకత్తా లీగు మాత్రము 1952 తరువాత ఆ క్లబ్బు చేతికి చిక్కలేదు. 1961లో బలరాం నాయకుడయ్యెను. ఆ యేటి లీగులో అతడొక్కడే 23 గోలులు చేసి అందరికంటె మిన్నగా నిలువగా, తొమ్మిదేండ్ల యెడబాటు తీరి లీగు కిరీటము ఈస్ట్ బెంగాలునకు తిరిగివచ్చెను. ఆ సంవత్సరమే షీల్డు విజయమునందును భాగము దక్కెను. మొత్తముపై ఆరేండ్లలో ఆ క్లబ్బునకు బలరాం చేసిన గోలులు 104. బురదయై జారు కలకత్తా వానకాలపు మైదానములలో, తోలుబంతి నీరు త్రాగి రాయివలె బరువెక్కు దినములలో చేసిన లెక్క యిది.

క్లబ్బులో పదును దేరిన ఆ యాట దేశమునకును అక్కరకు వచ్చెను. 1960లో రోము ఒలింపిక్సున, ఫ్లోరియన్ ఆల్బర్ట్ వంటి మహాక్రీడాకారుడున్న హంగరీతో మనవారు 2-1 తేడాతో ఓడినప్పుడు మన ఒక్క గోలును చేసినవాడు బలరాం. పెరూ మీద చేసినదియు అతడే. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అను ముగ్గురిని ముందు నిలిపి రహీం నడపిన జట్టు, సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణపతకమును తెచ్చెను. థాయిలాండు మీదను, జపాను మీదను బలరాం చేసిన గోలులు ఆ పతకమునకు మెట్లు. ఆ యేటనే అతనికి అర్జున పురస్కారము లభించెను.

1963లో అతడు ఈస్ట్ బెంగాలును విడిచి బి.ఎన్.ఆర్. పక్షమున చేరెను. దీని వెనుక ఆనాటి ఆటగాని బ్రతుకుతెరువు రహస్యమున్నది. అప్పటి ఆటగాండ్రు పేరునకు ఔత్సాహికులే; కాలు ఆడినంతకాలము క్లబ్బు ఆదరించునేగాని, ఆట ముగిసిన తరువాత అన్నము పెట్టునది ఉద్యోగము. రైల్వేలు, పోలీసు శాఖ, సైన్యము, నౌకాశ్రయములు ఆటగానికి జీతమిచ్చి, వేళకు మైదానమునకు పోనిచ్చి, ముదిమికి భరోసా కల్పించినవి. కాని బలరాము క్రొత్త జట్టులో కుదురుకొనునంతలో ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చు ప్లూరసీ వ్యాధి అతనిని పట్టుకొనెను. గుండెనిండ గాలి పీల్చుకొనలేనివాడు గంటకు పైబడి పరుగెత్తు ఆటను ఎట్లాడగలడు? ఇరువదియేడేండ్ల ప్రాయమున, మంచి ఆటగానికి ఆట పక్వమగు వయసున, అతడు బూట్లు విప్పెను. ఆ సంవత్సరము జూను మాసముననే రహీం సాబ్ కేన్సరు వ్యాధితో కన్నుమూసిరి. గురువు ప్రాణమును, శిష్యుని ఆటయు ఒక్క యేటనే ఆగిపోయినవి. బలరాం ఆ తరువాతి కాలమున పిల్లలకు ఆట నేర్పుచు, హుగ్లీ తీరమునందలి ఉత్తరపాడాలో నివసించి, 2023 ఫిబ్రవరి 16వ తేదీన పరమపదించెను.

ఈ చరిత్రను విశాఖపట్నమున కూర్చుండి తలచుకొనుటకు కారణము కేవలము ఆ రైలుదారి కాదు. ఫుట్‌బాలును కలకత్తాలోను, హైదరాబాదులోను పోషించిన సంస్థల వంటివి మన యూర నున్నన్ని మరి యే తెలుగుపట్టణమునను లేవు. రైల్వే యున్నది, రేవున్నది, నౌకాదళమున్నది, ముప్పదిరెండు ప్రాణములు బలియిచ్చి సాధించుకొన్న ఉక్కు కర్మాగారమున్నది, ఉక్కునగరమున క్రీడాప్రాంగణమున్నది. సాయంకాలము గాలి తిరుగు వేళ ఎర్రమట్టి నేలలో చెప్పుల జతలను గోలుస్తంభములుగా నిలిపి ఆడుకొను పిల్లలును ఉన్నారు. లేనిది ఒక్కటే. నేటి ఆటలో బాగుగ ఆడి, రేపు రాకపోయిన పిల్లవానిని గుర్తుంచుకొని, ‘ఏమిరా, ఎందుకు రాలేదు?’ అని అడుగు పెద్దమనిషి.

గోలుల పట్టికలో 104 అని వ్రాసియున్నచోట నాకు ముందుగా కనబడునది గోలుస్తంభములు కావు. సికింద్రాబాదునుండి హైదరాబాదునకు పోవు దారిలో ఒక అద్దె సైకిలు, దాని అద్దె చెల్లించిన ఒక బడిపంతులు. ఆ దినము రహీం ఆ యువకుని రమ్మని పిలువకపోయినచో, డబ్బులేదన్న జవాబు విని ‘పోనిమ్ము’ అనుకొనియున్నచో, ఆ 104లో మొదటిదియు ఉండెడిది కాదు.