శిష్యత్వ భావన: ఉత్తరాంధ్ర తొలి క్రైస్తవ చరిత్ర - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

యేసును వెంబడించడం, ఇతరులను ఆయనకు శిష్యులుగా చేయడం క్రైస్తవ జీవనానికి మూలమైన రెండు పిలుపులు. మొదటిది గలిలయ సముద్రతీరాన జాలరులకు వినిపించింది. రెండవది మత్తయి సువార్త ముగింపులోని ఆజ్ఞ. మిషన్ చరిత్రలు ఈ రెండవదానిని తరచుగా బాప్తిస్మాల సంఖ్యతో కొలిచాయి. ఉత్తరాంధ్ర అనుభవాన్ని బట్టి చూస్తే ఆ కొలమానం చాలదని, నేర్చుకున్నవాడు నేర్పేవాడు కావడమే శిష్యత్వానికి గీటురాయి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. పదార్థ వివేచన

గ్రీకు మూలంలోని ‘మథేతేస్’ అనే పదానికి నేర్చుకొనేవాడు అని అర్థం. తెలుగు అనువాదాలు దీనికి ‘శిష్యుడు’ అనే పదాన్ని గ్రహించాయి. ‘శాస్’ ధాతువు నుండి ఏర్పడిన ఈ పదానికి బోధింపదగినవాడు అని అర్థం. తెలుగు పాఠకునికి గురుశుశ్రూష కూడా స్ఫురిస్తుంది. అయితే ఒక భేదం ఉంది. మన సంప్రదాయంలో సాధారణంగా శిష్యుడే గురువును ఆశ్రయిస్తాడు. సువార్తలలో గురువే శిష్యులను పిలుస్తాడు.

మత్తయి 28:19-20లోని గ్రీకు వాక్యంలో ‘శిష్యులను చేయండి’ అన్నదే ప్రధానక్రియ. వెళ్లడం, బాప్తిస్మమివ్వడం, బోధించడం దానికి లోబడిన అసమాపక రూపాలు. కనుక బాప్తిస్మం ఈ క్రమంలో ఒక భాగమే. అదే గమ్యం కాదు.

2. బోధకుల విద్యార్థి దశ

1805లో లండన్ మిషనరీ సొసైటీ పక్షాన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్టణం చేరారు. బోధించవచ్చినవారు ముందుగా తెలుగు నేర్చుకోవలసి వచ్చింది. క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ అనువాదంలో వారికి తోడ్పడ్డాడు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తల తెలుగు అనువాదం 1812లో శ్రీరాంపురంలో అచ్చయింది. విశ్వాస విషయంలో శిష్యుడైన ఆనందరాయర్, భాషా విషయంలో గురుస్థానంలో నిలిచాడు.

3. పురుషోత్తమ చౌదరి: శిష్యుడు, బోధకుడు

ఈ భావనకు సమగ్ర నిదర్శనం పురుషోత్తమ చౌదరి (1803-1890). శ్రీకాకుళం సరిహద్దున, నేటి ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి ప్రాంతానికి చెందిన ఈ బ్రాహ్మణకవి 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. అంతకుముందు శ్రీకాకుళంలోని హెలెన్ నాట్ ప్రోత్సాహం ఆయనకు లభించింది. ఆనాటి సమాజంలో ఇలాంటి నిర్ణయానికి మూల్యం కుల బహిష్కారం, బంధువియోగం. జాలరులు వలలు విడిచారు; అగ్రవర్ణంలో పుట్టినవాడు విడవవలసింది సామాజిక ప్రతిష్ఠను.

తరువాత ఆయన బోధకుడై, కీర్తనను ప్రధాన సాధనంగా చేసుకొన్నాడు. రాగతాళాలతో, పల్లవి చరణాలతో సాగే ఈ ప్రక్రియ తెలుగువారికి భజన సంప్రదాయం ద్వారా చిరపరిచితం. పల్లవి పునరావృత్తి వల్ల చదువురానివారికి సైతం బోధ కంఠస్థమవుతుంది. ఆయన రచనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటంలో చేరి, శాఖాభేదం లేకుండా నేటికీ ఆరాధనలలో వినిపిస్తున్నాయి.

ముగింపు

1870ల తరువాత కెనడియన్ బాప్టిస్టు మిషన్ శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం ప్రాంతాలలో విస్తరించింది. ఈ చరిత్రను మిషనరీల నివేదికల ఆధారంగా మాత్రమే రాస్తే స్థానిక బోధకులు సహాయకులుగానే మిగిలిపోతారు. అనువాదాలను, కీర్తనలను కూడా ఆధారాలుగా గ్రహించినప్పుడు వారి కర్తృత్వం వెల్లడవుతుంది. శిష్యులను చేయడమంటే అనుచరుల సంఖ్యను పెంచడం కాదని, తాను విన్న పిలుపును తన భాషలో మరొకరికి వినిపించగలవారిని తీర్చిదిద్దడమని ఆనందరాయర్, పురుషోత్తమ చౌదరుల జీవితాలు నిరూపిస్తున్నాయి.