ప్రతినాయకుని కట్టుబాటు: వీధి కూత్తు నుంచి కంప్యూటరు ఆట దాకా

వేలమంది ఒకే కల్పిత లోకంలో ప్రవేశించి, తలా ఒక పాత్ర ధరించి, నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి ఆడే కంప్యూటరు ఆటలు మన విద్యార్థులకు కొత్తవి కావు. ఈ ఆటల్లో ఆటగాళ్ళు జట్లుగా ఏర్పడతారు. ఆ జట్టుకు గిల్డు అని పేరు. పూర్వం వర్తకుల సంఘాన్ని, వృత్తిపనివారి సంఘాన్ని సంస్కృతంలో శ్రేణి అనేవారు. గిల్డు అన్న మాటకు మొదటి అర్థం కూడా అదే. అయితే కొన్ని గిల్డులు కోరి చెడ్డవారి పక్షం వహిస్తాయి. దారి కాచి దోచుకోవడం, మాట తప్పడం, బలహీనుల మీద పడడం తమ పని అని ముందే చాటుకుంటాయి. అడిగితే దానికొక సిద్ధాంతం కూడా చెబుతాయి. “మేము లేకపోతే మీ వీరత్వానికి విలువ ఎక్కడిది?” అన్నది దాని సారాంశం.

ఇది నిజమైన సిద్ధాంతమా, లేక పరులను బాధించడానికి ఒక సాకా? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఈ ప్రశ్ననే. దీనికి జవాబు వెతకడానికి దూరం పోనక్కరలేదు. తమిళనాడులో నెమిలి, గుడియాత్తం, వేలూరు ప్రాంతాల్లో పెరిగిన తెలుగు విద్యార్థికి ఊరి ద్రౌపదమ్మ తిరునాళ్ళలోనే ఒక మంచి కొలబద్ద దొరుకుతుంది.

మాటల సంగతి

ముందుగా మాటలను చూద్దాం. ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకున్న ‘విలను’ అన్న మాట లాటిన్ మూలం నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మొదట్లో దానికి దొరగారి కమతంలో పనిచేసే పల్లెటూరివాడు అని అర్థం. పెద్దవారి చిన్నచూపు వల్ల అది మోటువాడు అనీ, చివరకు దుర్మార్గుడు అనీ మారింది. అంటే ఈ మాట ఒక మనిషి పుట్టుకను బట్టి అతని గుణాన్ని నిర్ణయించింది.

మన అలంకారశాస్త్రం వాడిన ‘ప్రతినాయకుడు’ అన్న మాట అలాంటిది కాదు. ఇక్కడ ‘ప్రతి’ అంటే ఎదురు. నాయకునికి ఎదురుగా నిలిచేవాడు ప్రతినాయకుడు. ఈ పేరు చెప్పేది అతని స్థానాన్నే. పదో శతాబ్దంలో ధనంజయుడు రచించిన దశరూపకం ప్రతినాయకుణ్ణి లోభి, ఉద్ధతుడు, పట్టు విడువనివాడు, పాపం చేసేవాడు, వ్యసనపరుడు అని లక్షణీకరించింది. దాని వ్యాఖ్యానం రామునికి ఎదురు రావణుణ్ణి, ధర్మరాజుకు ఎదురు దుర్యోధనుణ్ణి ఉదాహరణలుగా చూపింది. లక్షణంలో దోషాలెన్ని ఉన్నా, పేరులో మాత్రం ఒక కొలువు ఉంది. ఆ కొలువును ఎవరో ఒకరు చేయవలసిందే.

మూడో మాట ‘వేషం’. తెలుగులో వేషం కడతాము, వేస్తాము, తీసేస్తాము. ‘వేషాలు వేయకు’ అని మందలిస్తాము కూడా. మొదటి ప్రయోగాల్లో వేషం నలుగురూ ఒప్పుకొన్నది. చివరిదానిలో వేషం ఎదుటివాణ్ణి మోసగించేది. ఒకే మాటలో ఉన్న ఈ రెండు అర్థాల మధ్య గీత ఎక్కడ ఉన్నదో తేల్చడమే మన అసలు సమస్య.

ఉత్తర ఆర్కాటు దుర్యోధనుడు

నేటి చిత్తూరు ప్రాంతంలో చాలా భాగం 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిదే. 1960లో ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దును మళ్ళీ సవరించారు. 2019లో వేలూరు జిల్లాను విభజించినప్పుడు నెమిలి రాణిపేట జిల్లాలో చేరింది, గుడియాత్తం వేలూరులోనే ఉండిపోయింది. ఇన్నిసార్లు గీతలు మారినా భారతం తిరునాళ్ళు మాత్రం గీతకు రెండు వైపులా సాగుతూనే ఉన్నాయి. చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు ధర్మరాజుల గుళ్ళలో జరిగే దుర్యోధన వధకూ, తమిళనాడు వైపు ద్రౌపదమ్మ గుళ్ళలో జరిగే పడుకళానికీ రూపంలో పెద్ద తేడా లేదు. తమిళంలో పడుకళం అంటే వీరులు పడిన యుద్ధభూమి. ఈ కళం మన ‘కలను’కూ, ధాన్యం నూర్చే ‘కళ్ళా’నికీ చుట్టమే.

ఈ ఉత్సవంలో పగలు భారతం చదివి వ్యాఖ్యానిస్తారు. రాత్రి అదే కథను మేళంవారు కూత్తుగా ఆడతారు. తెలుగు వ్యాకరణం తెలిసినవారు ఇక్కడ ఒక విషయం గమనించగలరు. పగటి కథ ‘దుర్యోధనుడు ఇలా అన్నాడట’ అన్న ధోరణిలో సాగుతుంది. రాత్రి కథ ‘నేను’ అంటుంది. ‘అట’ అన్నంతసేపూ ఆ మాటకు చెప్పేవాడు పూచీపడనక్కరలేదు. ‘నేను’ అన్న క్షణం నుంచి చెడ్డతనమంతా ఆ నటుడి నోటి గుండానే రావాలి. అందుకే ఆ ‘నేను’ను చేరే దారిని సంప్రదాయం జాగ్రత్తగా కట్టింది. ఇద్దరు పట్టుకొన్న తెర వెనుక పాత్ర నిలుస్తుంది, పాట అవుతుంది, కట్టియక్కారన్ అనే హాస్యగాడు వచ్చినవాడెవడో విచారిస్తాడు, అప్పుడు పాత్ర తన బిరుదులతో తన్ను తాను చెప్పుకొంటుంది. మన యక్షగానంలోని ప్రవేశదరువు చేసే పని కూడా ఇదే.

కాంచీపురం పరిసరాల కళాకారులు 1990లో స్థాపించుకొన్న సంఘం ఈ కళను ‘కట్టైక్కూత్తు’ అని పిలుస్తుంది. కట్టై అంటే చెక్క. అద్దపు ముక్కలు పొదిగిన చెక్క కిరీటం, భుజకీర్తులు, ఎదపతకం ధరించే రాజవేషాలను బట్టి వచ్చిన పేరిది. దుర్యోధనుడిది అలాంటి వేషమే. అంటే ఆ కళకు పేరు తెచ్చిన ఆభరణాలను ప్రతినాయకుడూ ధరిస్తాడు.

ఇప్పుడు ముఖ్యమైన ఘట్టానికి వద్దాం. వస్త్రాపహరణం ఆడే రాత్రి దుశ్శాసన వేషధారి ద్రౌపది చీర మీద చెయ్యి వేయడానికి ముందు ఆట ఆగుతుంది. కర్పూరం వెలిగిస్తారు. వేషధారి ద్రౌపదమ్మకు మొక్కుతాడు. తాను కథలో ఉన్నది చేస్తున్నానే గాని తన మనసులో అపచారం లేదని విన్నవించుకొంటాడు. ఆ తరువాతే మళ్ళీ దుశ్శాసనుడవుతాడు. ద్రౌపదీ ఆరాధనపై 1988లో మొదటి సంపుటం వెలువరించిన ఆల్ఫ్ హిల్టెబైటెల్ వంటి పండితులు ఇలాంటి ఆచారాలను విపులంగా నమోదు చేశారు.

చివరి రోజు పగటిపూట పడుకళం. నేల మీద పరుండబెట్టిన పెద్ద మట్టి దుర్యోధనుని చుట్టూ భీమ దుర్యోధన వేషధారులు గదలతో తిరుగుతారు. భీముడు మట్టిబొమ్మ తొడను పగలగొడితే దాచి ఉంచిన ఎర్రనీరు పైకి వస్తుంది. ద్రౌపది జుట్టు ముడిపడుతుంది. అటుపైన అగ్నిగుండం తొక్కుతారు. ఈ క్రమంలో దుర్యోధనుడు పడకపోతే జుట్టు ముడిపడదు, జుట్టు ముడిపడకపోతే ఉత్సవం పూర్తి కాదు. ఎంత ప్రతిభ గల నటుడైనా ఆ రోజు గెలవాలనుకోడు. ఓడిపోవడం అతని కొలువులో భాగం.

గిల్డుల సిద్ధాంతం

కంప్యూటరు లోకాల చరిత్ర 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ రూపొందించిన ‘మడ్’ అనే ఆటతో మొదలైందని చెప్పవచ్చు. అందులో బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. ఇలాంటి ఆటలు ఆడేవారిని బార్టిల్ 1996లో నాలుగు తరగతులుగా విభజించాడు: సాధించేవారు, అన్వేషించేవారు, స్నేహం కోరేవారు, ఇతరుల మీద పడేవారు. నాలుగో తరగతివారు బొత్తిగా లేని లోకంలో ఆటకు పదును తగ్గుతుందనీ, మరీ ఎక్కువైతే మిగిలినవారు వెళ్ళిపోతారనీ అతని విశ్లేషణ తెలుపుతుంది. ప్రతినాయక గిల్డుల సిద్ధాంతానికి పునాది ఇక్కడ ఉంది.

1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ ఆటలో షాడోక్లాన్ అనే జట్టువారు ఓర్కులనే రాక్షసజాతిగా వేషం కట్టారు. ఓర్కు ముసుగులు తొడిగారు, తమకంటూ కల్పించుకొన్న ఓర్కు మాటల్లోనే సంభాషించారు, తమ కోట దారిన పోయేవారిని కప్పం అడిగారు. భాష మార్చుకోవడం మాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ భాష విన్నవాడికి తాను ఎవరి ఎదుట నిలిచాడో వెంటనే తెలుస్తుంది. అది వారి తెర, వారి ప్రవేశదరువు.

రెండో ఉదాహరణ ఇంత సులువు కాదు. 2003లో ఐస్‌లాండు సంస్థ ఒకటి విడుదల చేసిన ఈవ్ ఆన్‌లైన్‌లో గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్ అనే జట్టు ఉండేది. పగ తీర్చిపెట్టడం దాని వృత్తి. ఈ జట్టువారు మరో సంఘంలో స్నేహితులుగా చేరి, దాదాపు ఏడాది పాటు నమ్మకం సంపాదించి, 2005లో ఒక్కసారిగా నాయకురాలి పాత్రను చంపి ఖజానా దోచుకొన్నారు. ఆ నష్టం నిజమైన డబ్బులో 16,000 డాలర్లకు పైమాటే అని అప్పట్లో లెక్కగట్టారు. ఆ ఆటలో ద్రోహం నిషిద్ధం కాదు. అది తెలిసే అందరూ అందులో అడుగుపెడతారు. అయినా ఏడాది పాటు నమ్మినవారికి తెర ఎప్పుడు దిగిందో తెలియలేదు. మా దృష్టిలో ఇది సరిగ్గా గీత మీద నిలిచిన ఉదాహరణ. ఆటగాడుగా వారు తప్పు చేయలేదు. వేషధారిగా మాత్రం వారి వేషం మనం చెప్పుకొన్న రెండో అర్థానికే దగ్గర.

కర్త స్థానం ఎవరిది?

మూడో ఉదాహరణ గీత దాటినది. అమెరికాలో 1990లో ప్రారంభమైన లామ్డామూ అనే అక్షరలోకంలో 1993లో మిస్టర్ బంగిల్ అనే పేరుతో ఒక ఆటగాడు ప్రవేశించాడు. అతడు ఒక ప్రోగ్రాము సాయంతో ఇతరుల పాత్రల పేర్లతో వాక్యాలు సృష్టించి, వారు లైంగికంగా అవమానకరమైన పనులు తమంతట తామే చేస్తున్నట్టు అందరి తెరల మీదా కనిపించేలా చేశాడు. ఆ పాత్రల వెనుక ఉన్న మనుషులు నిస్సహాయంగా చదువుతూ ఉండిపోయారు. బాధ నిజమైనది. ఆ లోకపువారు సమావేశమై ఎంతో చర్చించినా ఏకాభిప్రాయం కుదరలేదు. చివరకు నిర్వాహకుల్లో ఒకరు అతని పాత్రను తొలగించారు. ఆ తరువాత ఇలాంటి విషయాల్లో అందరూ ఓటు వేసి తీర్మానించే పద్ధతి వచ్చింది. జూలియన్ డిబెల్ అదే సంవత్సరం రాసిన వ్యాసం ద్వారా ఈ సంఘటన లోకానికి తెలిసింది.

దీన్ని వ్యాకరణం దృష్టితో చూస్తే విషయం స్పష్టమవుతుంది. బంగిల్ ‘నేను ఇది చేస్తాను’ అనలేదు. ‘ఆమె ఇది చేస్తున్నది’ అని రాశాడు. అంటే ఎదుటి మనిషి వాక్యంలోని కర్త స్థానాన్ని లాగుకొన్నాడు. దుశ్శాసనుడు ఎంత క్రూరుడైనా కూత్తులో అతని వాక్యాలకు అతడే కర్త. ద్రౌపది వాక్యాలు ద్రౌపదివే. నిండు సభలో ఆమె వేసే ధర్మసందేహాన్ని ఆ వేషధారి అడ్డుకోలేడు. చీర లాగుతారు గాని ప్రశ్న లాగుకోరు. కథ నిలిచేది ఆ ప్రశ్న మీదనే.

పాత్రధారణ ప్రధానమైన ఆటల్లో అనుభవజ్ఞులు పాటించే రెండు నియమాలు ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఎదుటివారి పాత్ర ఏమి చేసిందో మనం రాయరాదన్నది మొదటిది. పాత్రగా కాక మనిషిగా మాట్లాడదలచినప్పుడు ఆ మాటను జంట కుండలీకరణాల్లో పెట్టాలన్నది రెండోది. ‘ఇక చాలు’, ‘ఇది నాకు కష్టంగా ఉంది’ అని చెప్పుకొనేది ఆ కుండలీకరణాల్లోనే. దుశ్శాసన వేషధారి వెలిగించే కర్పూరమూ ఈ జంట కుండలీకరణాలూ చేసే పని ఒక్కటే. రెండూ పాత్రకూ మనిషికీ మధ్య ఒక తలుపును తెరిచి ఉంచుతాయి.

తేలిన విషయం

కాబట్టి ప్రతినాయక గిల్డుల సిద్ధాంతాన్ని మేము పూర్తిగా తోసిపుచ్చము. ఎదురు లేనిదే కథ లేదన్న వారి మాట నిజమే. ప్రతినాయకునికి తనదైన న్యాయం ఉంటుందన్నదీ నిజమే. భాసుని పేర వెలసిన ఊరుభంగం, కన్నడంలో రన్నని గదాయుద్ధం, 1977లో వచ్చిన మన దానవీరశూరకర్ణ చిత్రం దుర్యోధనునికి ఆ న్యాయాన్ని ఇచ్చాయి. కేరళలో మలనడలో అతనికి గుడి కూడా ఉంది.

కాని ఆ సిద్ధాంతం మూడు షరతులకు లోబడి ఉంటేనే నిలుస్తుంది. వేషం నలుగురికీ తెలిసేలా కట్టాలి. ఎదుటివారి ‘నేను’ను ముట్టకూడదు. తన వంతు వచ్చినప్పుడు పడడానికి సిద్ధంగా ఉండాలి. ఈ మూడూ ఉన్నచోట చెడ్డవేషం ఊరికి చేసే సేవ. ఇవి లేనిచోట ‘నేను పాత్రలో ఉండి అన్నాను’ అనేది వేషం కాదు, వేషాలు వేయడం. ఆటల్లో ఆడపిల్లలను మాటలతో వేధించి, ఇదంతా ఆటేనని తప్పుకొనేవారికి ఈ భేదం చెప్పవలసిన అవసరం ఉంది. చెప్పడానికి కొత్త పరిభాష అక్కరలేదు.

మన విద్యార్థులకు ఒక సూచన. వేసవిలో ఈ తిరునాళ్ళు జరిగే ఊళ్ళు మీకు దూరం కావు. ఒక రాత్రి కూత్తు పూర్తిగా చూసి, దుర్యోధన, దుశ్శాసన వేషధారులు తమను ‘నేను’ అనే చోట్లు, పేరుతో చెప్పుకొనే చోట్లు, వేషం విడిచి మనిషిగా మాట్లాడే చోట్లు విడివిడిగా రాసుకోండి. మీ మిత్రులు ఆడే ఆటల్లోని సంభాషణలను కూడా వారి అనుమతితో అలాగే పరిశీలించండి. తమిళం, తెలుగు రెండూ ఇంట్లో వినబడే మీ చెవికి ఆ తేడాలు త్వరగా పట్టుబడతాయి.