లైవ్ సరే, నిన్నటి బొమ్మ ఏదీ?

గుమ్మం మీద కెమెరా వెలుగుతోంది, టీవీలో వరండా కనబడుతోంది, ఇంకేం కావాలి అని గుండె మీద చెయ్యేసుకుని పడుకునేవాళ్లని సింగపూర్‌లో చాలామందినే చూశానర్రా. పార్సిల్ మాయమైన రోజున గానీ అసలు సంగతి బయటపడదు. "తాతగారూ, లైవ్ బ్రహ్మాండంగా వస్తోంది, రికార్డింగే లేదు" అంటూ పరుగెత్తుకొస్తారు. లైవ్ రావడానికి డిస్క్‌తో పనే లేదు నాయనా. కెమెరా పంపిన బొమ్మ తీగ మీదుగా రికార్డర్‌లోకొచ్చి, అటునుంచి అటే టీవీకి వెళ్లిపోతుంది. దాన్ని రాసిపెట్టుకోవడం వేరే పని. రాసినదాన్ని వెతికి తియ్యడం ఇంకో పని. దూరాన ఉన్న ఫోన్‌కి చేరవెయ్యడం మరో పని. ఎక్కడ ఆగిందో తేలకుండా అన్నీ విప్పి కూచుంటే చెయ్యి నొప్పి తప్ప ఫలితం ఉండదు.

ఈ ఊళ్లో ఈ గొడవ ఎక్కువ కావడానికి కారణం ఉంది. ఇక్కడ పదిమందిలో ఏడెనిమిది మంది సర్కారు కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే ఉంటారు. చెప్పుల స్టాండూ, పిల్లల సైకిలూ, తులసి కుండీ, అన్నీ గుమ్మం బయటే. ఇదివరకు వరండా వైపు కెమెరా పెట్టాలంటే టౌన్ కౌన్సిల్ వాళ్ల అనుమతి ఉండాలి. 2023 మే నుంచి ఆ అనుమతి అక్కర్లేదన్నారు. కెమెరా మన ఇంటి హద్దులోనే ఉండాలి, పొరుగువాళ్ల గుమ్మంలోకీ కిటికీలోకీ తొంగిచూడకూడదు, అంతే. ఇంకేం, మా అబ్బాయి వాళ్ల అంతస్తులోనే ఎన్ని కళ్లు మొలిచాయో! అందరికీ కెమెరా కొనడం మీద ఉన్న శ్రద్ధ, అది రాస్తోందో లేదో చూసుకోవడం మీద లేదు.

ముందు డిస్క్ లెక్క చూద్దాం. ఓ మాదిరి మంచి బొమ్మకి కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపుతుందనుకోండి. 8 బిట్లయితే ఒక బైటు గనక, సెకనుకు అర మెగాబైటు. గంటకు 1.8 జీబీ, రోజుకు 43 జీబీ చిల్లర. నాలుగు కెమెరాలకి రోజుకు దాదాపు 173 జీబీ. 2 టీబీ డిస్క్ పెడితే పదకొండున్నర రోజులకి నిండిపోతుంది. నిండగానే రికార్డర్ అన్నిటికంటే పాతదాన్ని చెరిపేసి, ఆ చోటే కొత్తది రాస్తుంది. కాబట్టి ఊరెళ్లి మూడు వారాలకి తిరిగొచ్చి, వెళ్లిన మర్నాడేం జరిగిందో చూద్దామంటే ఉండదు. అది జబ్బు కాదు, దాని పద్ధతే అంత. కావలసింది కనబడితే వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టుకోవాలి. కొన్నింట్లో ఈ చెరిపి రాసే ఏర్పాటు ఆపేసి ఉంటుంది. అప్పుడు డిస్క్ నిండగానే రికార్డింగ్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది. లైవ్ మాత్రం మామూలే!

అసలు జబ్బు వేరే. మన తెలుగు కుర్రాడొకడు మొన్న తన రికార్డర్ చంకన పెట్టుకుని వచ్చాడు. డిస్క్ పోయింది, కొత్తది కొనడానికి సిమ్ లిమ్ స్క్వేర్‌కి బయల్దేరుతున్నానన్నాడు. ఆగరా అబ్బాయ్ అని, స్విచ్ వేసి చెవి దగ్గర పెట్టి విన్నాను. లోపల పళ్లేలు తిరగబోయినట్టు ఓ చిన్న గుర్రు, వెంటనే టిక్, ఆపైన నిశ్శబ్దం. మళ్లీ గుర్రు, మళ్లీ టిక్. మెనూలో చూస్తే డిస్క్ ఓసారి ఉందంటుంది, ఓసారి లేదంటుంది. ఈ చప్పుడు వినగానే అందరూ డిస్క్ చచ్చిందనే అంటారు. నిజంగా చచ్చిందీ కావచ్చు. కానీ మూడున్నర అంగుళాల హార్డ్ డిస్క్ నిలబడ్డచోటు నుంచి తిరగడం మొదలెట్టే ఆ కొద్ది సెకన్లూ 12 వోల్టుల మీద రెండు యాంపియర్ల దాకా లాగుతుంది. ఒకసారి ఊపందుకున్నాక అందులో సగం కూడా అక్కర్లేదు. ఏళ్ల తరబడి వేడెక్కిన ఎడాప్టర్‌లో కెపాసిటర్లు నీరసించిపోతే, ఆ మొదటి ఊపుకి కావలసిన కరెంటు ఇవ్వలేదు. వోల్టేజీ జారుతుంది, డిస్క్ ఆగుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. రికార్డర్ బోర్డుకి మాత్రం కొంచెం కరెంటు చాలు గనక బొమ్మ చక్కగా చూపిస్తూనే ఉంటుంది. అవే వోల్టులు, అంతకు తక్కువ కాని యాంపియర్లు ఉన్న మరో మంచి ఎడాప్టర్ తగిలించాం. డిస్క్ నున్నగా తిరిగింది, పాత రికార్డింగ్ అంతా ఉంది. ముందు ఎడాప్టర్, తరవాత డిస్క్‌కి వెళ్లే కేబుల్, ఆ తరవాతే డిస్క్. ఖరీదు ప్రకారం కూడా అదే వరస! ఇంకోమాట, ఈలోగా మెనూ "ఫార్మాట్ చెయ్యమంటావా" అని ఎంత మర్యాదగా అడిగినా ఊఁ అనకండి. ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

బల్ల మీద పెట్టుకునే చిన్న కెమెరాల్లో డిస్క్ ఉండదు, గోరంత మెమరీ కార్డు ఉంటుంది. దానికి ఆయుష్షు రాతల లెక్కన. పగలూ రాత్రీ రాసి చెరిపి రాస్తుంటే మామూలు కార్డు త్వరగా అలిసిపోతుంది. ఇలాంటి పనికే ఎక్కువ రాతలు తట్టుకునే కార్డులున్నాయి, అవి కొనండి. మరీ చవగ్గా వచ్చే వాటిలో ఉన్నదాని కంటే ఎక్కువ జీబీలు చెప్పుకునే దొంగ కార్డులూ ఉంటాయి. రాసినట్టే నటిస్తాయి, తియ్యబోతే ఏమీ రాదు.

సరే, రాసింది. మరి తెరవబోతే బొమ్మ బూడిదరంగులో చారలు చారలుగా కదిలి, కాసేపటికి ఉన్నట్టుండి సర్దుకుంటుందేం? కెమెరా సెకనుకు పాతిక బొమ్మలు తీస్తే పాతికనూ పూర్తిగా రాయదు. సెకనుకో రెండు సెకన్లకో ఒక నిండు బొమ్మ రాసి, తక్కినవాటికి "కిందటిదానికి ఇదీ తేడా" అని మాత్రం రాసుకుంటుంది. మా ఊళ్లో శెట్టిగారి ఖాతా పుస్తకం ఇలాగే ఉండేది. నెల మొదట్లో బాకీ మొత్తం ఒకసారి, ఆపైన రోజూ కందిపప్పు ఇంత, బెల్లం ఇంత అంటూ తేడాలు. ఆ మొదటి కాయితం చిరిగిందా, తక్కిన పద్దులన్నీ ఉన్నా మొత్తమెంతో తేలదు, మళ్లీ నెల మొదలయ్యేదాకా. ఇక్కడా అంతే. కరెంటు పోయినప్పుడో డిస్క్ మీద ఓ మచ్చ పడ్డప్పుడో నిండు బొమ్మ చెడితే, తరవాతి నిండు బొమ్మ వచ్చేదాకా చారలే. అవే చారలు ఎప్పుడూ ఒకే సమయం దగ్గర వస్తే రాత చెడింది. చూసిన ప్రతిసారీ వేరే వేరే చోట్ల వస్తే రాత బాగానే ఉంది, నెట్‌వర్కే నలిపేస్తోంది.

ఇలా తేడాలు రాసే పద్ధతుల్లో హెచ్.264 అనేది 2003 నాటిది, హెచ్.265 అనేది 2013 నాటిది. రెండోది ఇంచుమించు సగం చోటులో అదే నాణ్యత ఇస్తుంది గానీ, పాత కంప్యూటర్ దాన్ని విప్పలేక నల్లతెర చూపిస్తుంది. ఫైలు చెడిందని పారెయ్యకండి, రికార్డర్‌తో వచ్చే ప్లేయర్‌లో తెరిచి చూడండి. పాత రికార్డర్ల వెబ్ పేజీలైతే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తప్ప మరొకటి ఎరగవు. దానికేమో 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్లు సెలవిచ్చేశారు. వాళ్ల ఎడ్జ్ బ్రౌజర్‌లో పాత ఎక్స్‌ప్లోరర్‌లా నడిచే ఏర్పాటొకటి మిగిల్చారు, అందులో కొన్ని లేచి కూచుంటాయి.

అన్నీ బాగుండి కూడా బొమ్మ దొరక్కపోతే గడియారం చూడండి. ఇది మన ప్రవాసులకి మరీ సొంత జబ్బు. చాలా రికార్డర్లు చైనా నుంచి వస్తాయి, పుట్టుకతోనే టైమ్ జోన్ గ్రీన్‌విచ్ కంటే 8 గంటలు ముందుకి పెట్టి ఉంటుంది. సింగపూర్‌కి అది అచ్చంగా సరిపోతుంది. ఒకప్పుడు సరిపోయేది కాదు లెండి. 1981 డిసెంబర్ 31 దాకా ఇక్కడ ఏడున్నర గంటలే. ఆ రాత్రి పదకొండున్నరకి గడియారాన్ని పన్నెండు చేసి, కొత్త సంవత్సరంలోకి అరగంట ముందే దూకేశారు. సరే, ఇక్కడ కొన్న పెట్టెని పండక్కి రాజమండ్రి పట్టుకెళ్లి అమ్మానాన్నల ఇంట్లో బిగించారనుకోండి. మన దేశం అయిదున్నర గంటల దగ్గరుంది. టైమ్ జోన్ మార్చకుండా నెట్‌కి తగిలిస్తే, అది నెట్‌లో సరైన సమయమే అడిగి తెచ్చుకుని, దానికి తన 8 గంటలూ కలుపుకుంటుంది. రాత్రి పదింటికి గేటు తీసింది ఎవరో చూద్దామంటే, రికార్డర్ లెక్కలో అది మర్నాటి పన్నెండున్నర. మీరు నిన్నటి తేదీలో తడుముతారు, బొమ్మ ఇవాళ్టి తేదీలో హాయిగా కూచుని ఉంటుంది. బోర్డు మీద బొత్తాం బ్యాటరీ ఒకటుంటుంది, తరచుగా సీఆర్2032, 3 వోల్టులది. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం 1970కో 2000కో వెనక్కి పోతుంది. రికార్డింగూ ఆ తేదీ కిందే దాక్కుంటుంది. పోలీసులకి వీడియో ఇచ్చేటప్పుడు రికార్డర్ గడియారం ఫోన్ గడియారానికి ఎన్ని నిమిషాలు తేడాగా ఉందో కాయితం మీద రాసివ్వండి. ఎంతో పని తప్పించినవాళ్లవుతారు.

ఇక ఇక్కడ ఎంఆర్‌టీ రైల్లో కూచుని ఊళ్లో వాకిలి చూసుకోవడం. ఇంట్లో వైఫై మీద కనబడి, బయట కనబడకపోతే తప్పు రికార్డర్‌ది కాదు, దారిది. ఇంటర్నెట్‌లో పాత పద్ధతి చిరునామాలు మొత్తం 430 కోట్లే. ప్రపంచంలో సాధనాలు అంతకంటే ఎక్కువైపోయాయి గనక కంపెనీలు ఎందరో చందాదారులకి కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తున్నాయి. మీరు బయటికి వెళ్లడానికి ఇబ్బంది లేదు. బయటనుంచి మీ ఇంటికే రావాలంటే దారి తెలీదు. తేల్చుకోవడం తేలికే. ఇంటి రూటర్‌లో బయటి చిరునామా అని చూపించేదీ, "నా చిరునామా ఏది" అని నెట్‌లో అడిగితే చెప్పేదీ ఒకటేనా చూడండి. రూటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది ఉమ్మడి కాపురమే. ఇందుకోసమే 2012లో ఆ వరసని పక్కన పెట్టారు. అప్పుడు రూటర్‌లో పోర్టులు ఎన్ని తెరిచినా వృథా. రికార్డర్ తనంతట తానే బయటికొచ్చి కంపెనీ సర్వర్ దగ్గర మీ ఫోన్‌ని కలుసుకునే యాప్ పద్ధతి వాడుకోవాలి.

పోర్టులు తెరవగలిగినా నేను వద్దనే అంటాను. 2016లో మిరాయ్ అనే పురుగు ఒకటి బయల్దేరింది. ఫ్యాక్టరీలో పెట్టిన అరవై పైచిలుకు పేరు-పాస్‌వర్డ్ జతలు పట్టుకుని ప్రపంచమంతా తలుపులు తట్టి, లక్షల కెమెరాలనీ రికార్డర్లనీ రూటర్లనీ లొంగదీసుకుంది. అక్టోబర్ 21న అమెరికాలో సైట్ల చిరునామాలు చెప్పిపెట్టే డైన్ అనే కంపెనీ మీద వాటిని ఉసిగొల్పితే పెద్ద పెద్ద సైట్లు మూతపడ్డాయి. మర్నాడే, మళ్లీ 24న సింగపూర్‌లో స్టార్‌హబ్ ఇంటర్నెట్ పడిపోయింది. తమ చందాదారుల ఇళ్లలోని వెబ్‌క్యామ్‌లూ రూటర్లూ చెడిపోయి తమ మీదికే ఎగబడ్డాయని ఆ సంస్థే చెప్పింది. 2020 అక్టోబర్‌లో ఇంకా సిగ్గుచేటైన సంగతి బయటికొచ్చింది. ఇళ్లలోని కెమెరాల నుంచి దొంగిలించిన వీడియోలు నెట్‌లో అమ్మకానికి పెట్టారు, అందులో సింగపూర్ ఇళ్లూ ఉన్నాయి. ఆ నెలలోనే ఇక్కడి సైబర్ సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు సాధనాల మీద నాలుగు స్థాయిల భద్రతా గుర్తు వెయ్యడం మొదలుపెట్టారు. మొదట రూటర్లకి, ఆ తరవాత కెమెరాలకీ. కొనేటప్పుడు పెట్టె మీద ఆ గుర్తు వెతకండి.

మరి అటకమీది పాత రికార్డర్‌కి కంపెనీ అప్‌డేట్లు పంపడం మానేసిందనుకోండి, దాన్నేం చెయ్యాలి? పారెయ్యక్కర్లేదు. నెట్ తీగ పీకేసి, కెమెరాలకీ టీవీకీ మాత్రం కలిపి ఉంచండి. నెట్ లేకపోయినా రికార్డింగ్ ఆగదు. గడియారం మాత్రం నెలకోసారి చేత్తో సరిచెయ్యాల్సి ఉంటుంది.