ఎర్రర్ రాని తప్పులు: అపార్ట్‌మెంట్ పద్దుల్లో డేటాబేస్ చిక్కులు

యమున తూర్పు ఒడ్డున, నోయిడా సరిహద్దుకు ఆనుకుని ఉన్న మయూర్ విహార్‌లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) కట్టిన ఫ్లాట్ల పక్కనే సహకార గృహ సంఘాల బహుళ అంతస్తుల భవనాలు కూడా వరసగా కనిపిస్తాయి. ఢిల్లీ సహకార సంఘాల చట్టం, 2003 పరిధిలోకి వచ్చే ఇలాంటి ప్రతి సంఘానికీ సభ్యుల జాబితా, నిర్వహణ రుసుము, రసీదులు, బాకీలు, ఏటా ఆడిటరుకు చూపవలసిన పద్దులు తప్పవు కనుక, ఒక చిన్న కార్యాలయంలో ఒకటి రెండు కంప్యూటర్ల మీద నడిచే ప్రోగ్రాముకూ దాని వెనుక ఉన్న డేటాబేస్‌కూ మధ్య ఏయే చిక్కులు వస్తాయో వివరించడానికి ఈ పేట చక్కగా పనికివస్తుంది. ఇక్కడ ఇచ్చిన ఉదాహరణలు ఏ ఒక్క సంఘానివీ కావు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న అపార్ట్‌మెంట్ సంఘానికీ ఇవే వర్తిస్తాయి.

సమాచారాన్ని వరసలూ గడులూ ఉన్న పట్టికలుగా అమర్చి, ఒక పట్టికకూ మరొక పట్టికకూ ఉన్న సంబంధాన్ని నియమాలతో కాపాడే ఏర్పాటును డేటాబేస్ అంటారు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రచురించిన పరిశోధన పత్రం ఈ పట్టికల పద్ధతికి పునాది వేసింది. ఆ పట్టికలను అడగడానికీ మార్చడానికీ వాడే భాష ఎస్‌క్యూఎల్. అందులో రాసిన ఒక్కొక్క ప్రశ్ననూ క్వెరీ అంటారు. గుమాస్తా చూసే తెర, బటన్లు, రసీదు ముద్రించే భాగం మాత్రం డేటాబేస్‌లో ఉండవు; వాటిని డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసే సాధనాలతో వేరుగా తయారుచేస్తారు. 1991లో వచ్చిన విజువల్ బేసిక్, 1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిన ఫాక్స్‌ప్రో ఈ పనిని అంతగా చదువుకోనివారికి సైతం అందుబాటులోకి తెచ్చాయి. విజువల్ బేసిక్ 6కు కంపెనీ మద్దతు 2008లోనూ, ఫాక్స్‌ప్రో చివరి సంచికకు 2015లోనూ ముగిసినా, వాటిలో రాసిన ప్రోగ్రాములు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. పని సాగిపోతున్న దాన్ని మార్చడానికి చందా ఇమ్మంటే సభ్యులు ఒప్పుకోరన్నది అందరికీ తెలిసిందే.

ప్రోగ్రాము రాసేవారు ఎక్కువగా భయపడేది తెర మీద సందేశం చూపి ఆగిపోయే తప్పులకు. కొత్త కంప్యూటరు కొన్న మర్నాడు పాత ప్రోగ్రాము తెరవగానే డేటాబేస్ ప్రొవైడర్ ఈ యంత్రంలో నమోదు కాలేదని వచ్చే సందేశం ఆ జాతిలో బాగా పేరుమోసింది. ప్రొవైడర్ అంటే ప్రోగ్రాముకూ డేటాబేస్ ఫైలుకూ మధ్య దుబాసీలా ఉండే చిన్న సాఫ్ట్‌వేర్ భాగం. యాక్సెస్ పాత ఫైళ్లకు కావలసిన జెట్ ప్రొవైడర్ 32 బిట్ల రూపంలో మాత్రమే ఉంది కనుక, 64 బిట్లుగా నడిచే ప్రోగ్రాము దాన్ని తనలోకి ఎక్కించుకోలేదు. మైక్రోసాఫ్ట్ ఆఫీసు 2019 నుంచి 64 బిట్ల సంచికే సాధారణంగా స్థాపితమవుతున్నందువల్లా, ప్రోగ్రాములు రాసే విజువల్ స్టూడియో సైతం 2022 సంచికతో 64 బిట్లకు మారినందువల్లా ఈ గొడవ పెరిగింది. చిరాకు కలిగించేదే అయినా ఇది నిజాయితీ గల తప్పు: పని ఆపేస్తుంది, ప్రోగ్రామును 32 బిట్లకు కట్టడమో సరిపోయే ప్రొవైడర్‌ను స్థాపించడమో చేస్తే పోతుంది, పద్దుల్లో ఒక్క అంకెనైనా చెడగొట్టదు. అసలు నష్టం చేసేవి ఏ సందేశమూ చూపకుండా తప్పు అంకెను పట్టికలోకి చేర్చేవి.

వాటిలో తేదీల చిక్కుకే పెద్దపీట వేయాలి. భారతదేశంలో రోజు ముందు, నెల తరువాత రాస్తారు. అమెరికాలో నెల ముందు. యాక్సెస్‌లో క్వెరీ తయారుచేసే తెర మీద తేదీ రాస్తే అది విండోస్‌లో ఎంచుకున్న ప్రాంతీయ పద్ధతిని గౌరవిస్తుంది. అదే తేదీని ప్రోగ్రాము లోపల ఎస్‌క్యూఎల్ వాక్యంగా కూర్చి హ్యాష్ గుర్తుల మధ్య పెడితే మాత్రం, కంప్యూటరు ఏ దేశానికి అమర్చి ఉన్నా దాన్ని అమెరికా పద్ధతిలోనే చదువుతుంది. దీనివల్ల 04/03/2024 అని రాసిన మార్చి 4 నాటి చెల్లింపు ఏప్రిల్ 3న నమోదై తరువాతి ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. ఏప్రిల్ 1 నాటి చెల్లింపు జనవరి 4కు వెళ్లి గడిచిన సంవత్సరంలో చేరుతుంది. ఇంతకన్నా మోసపుచ్చే సంగతి మరొకటి ఉంది: రోజు 12 దాటితే, అంటే 13/03/2024 అని ఇస్తే, పదమూడో నెల ఉండదు కనుక యాక్సెస్ తనంతట తానే రోజునూ నెలనూ తిప్పుకుని సరిగ్గా చదివేస్తుంది. ప్రోగ్రామును నెలాఖరున పరీక్షించినవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ప్రతి నెలలోనూ మొదటి 12 రోజులు, అంటే ఏడాదికి 144 తేదీలు రెండు విధాలా చదవదగినవి. వాటిలో రోజూ నెలా ఒకే అంకెగా ఉన్న 12 తీసేస్తే, ఏడాదిలో 132 రోజులు ఈ ప్రోగ్రాము నిశ్శబ్దంగా తప్పు రాస్తుంది. నిర్వహణ రుసుము చాలామంది నెల మొదటి వారంలోనే కడతారు కనుక దెబ్బ కూడా అక్కడే తగులుతుంది. సంవత్సరం, నెల, రోజు వరసలో తేదీ ఇవ్వడం దీనికి ఒక మందు; తేదీని అక్షరాలుగా కాక తేదీగానే, పారామీటర్ రూపంలో, పంపడం ఇంకా మంచి మందు.

పారామీటర్ అంటే క్వెరీలో ఖాళీ గడి వదిలి, విలువను దానికి విడిగా అందించే పద్ధతి. దాని ప్రయోజనం తేదీలతో ఆగదు. డి'సౌజా అన్న పేరును ఇంగ్లీషులో రాసినప్పుడు నడుమ వచ్చే ఒంటి కొటేషన్ గుర్తునే ఎస్‌క్యూఎల్ మాటల ముగింపు గుర్తుగా వాడుతుంది; వాక్యాన్ని ముక్కలు అతికించి కూర్చే ప్రోగ్రాములో ఆ పేరు నమోదు చేయబోతే క్వెరీ మధ్యలో విరిగిపోతుంది. అమాయకుడైన సభ్యుడి పేరు విరగ్గొట్టగలిగిన దాన్ని దురుద్దేశంతో వచ్చినవాడు తనకు కావలసిన ఆజ్ఞను జొప్పించడానికి వాడుకోగలడు. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అని తరువాత పేరుపడిన ఈ దాడి పద్ధతి గురించి 1998లోనే ఫ్రాక్ అనే పత్రికలో వివరంగా వచ్చింది. పావు శతాబ్దం దాటినా ముక్కలు అతికించే అలవాటు పోలేదంటే అందుకు బద్ధకం తప్ప వేరే కారణం కనిపించదు.

డబ్బు లెక్కల్లో పొరపాటు గడి రకాన్ని ఎంచుకోవడంలో మొదలవుతుంది. డబుల్ అనే రకం సంఖ్యలను ద్వియాంశ పద్ధతిలో, అంటే సున్నా, ఒకటి అనే రెండే అంకెలతో దాచుకుంటుంది కనుక పది పైసలను, అంటే 0.1ని, కచ్చితంగా పట్టుకోలేదు. దాన్ని పదిసార్లు కూడితే 1కి బదులు 0.9999999999999999 వస్తుంది. తెర మీద అది ఒక రూపాయిగానే కనిపిస్తుంది, కానీ బాకీ సున్నా అయిందా అని ప్రోగ్రాము పోల్చినప్పుడు కాలేదన్న జవాబు వస్తుంది. అణా పైసలతో కట్టేసిన సభ్యుడు సున్నా రూపాయల బాకీతో ఎగవేతదారుల జాబితాకెక్కడం ఈ కారణం వల్లే. నెలకు ఒక్కో సభ్యుడి రుసుము రూ. 7,500 దాటితే జీఎస్‌టీ పడే సంఘాల్లో ఆ గీత దాటిందా లేదా అన్న పోలికలోనూ ఇదే అపాయం. సింగిల్ అనే మరో రకం 1,67,77,216 దాటిన తరువాత ఒక్కొక్క రూపాయిని విడిగా గుర్తించలేదు. పెద్ద సంఘం ఏడాది వసూళ్లు ఆ అంకెను దాటడం అసాధ్యమేమీ కాదు. యాక్సెస్‌లో కరెన్సీ, మైక్రోసాఫ్ట్ వారి మరో డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డెసిమల్ అనే రకాలు ఉన్నది ఈ పనికే.

భారతీయ భాషల వారికి అక్షరాల చిక్కు అన్నిటికన్నా బాధాకరం. మయూర్ విహార్‌లో హిందీ నోటీసు అయినా, గుంటూరులో తెలుగు పేర్ల జాబితా అయినా కథ ఒకటే. విజువల్ బేసిక్ 6 తన లోపల మాటలను అన్ని భాషల అక్షరాలకూ చోటున్న యూనికోడ్‌లోనే దాచుకున్నా, తెర మీది పెట్టెలకు అందించేటప్పుడు పాత కోడ్ పేజీలోకి, అంటే ఒక్కొక్క భాషకు పరిమితమైన గుర్తుల పట్టికలోకి మారుస్తుంది. విండోస్‌లో తెలుగుకు గానీ హిందీకి గానీ అలాంటి పాత కోడ్ పేజీ లేనే లేదు. అవి యూనికోడ్‌లో మాత్రమే ఉన్న భాషలు. అందుకే పేరు స్థానంలో ప్రశ్నార్థకాల వరస కనిపిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూనికోడ్ అక్షరాలు పట్టే ఎన్‌వార్‌చార్ రకం గడి పెట్టి జాగ్రత్తపడిన వారు కూడా, క్వెరీలో మాట ముందు ఎన్ అనే అక్షరం చేర్చడం మరిస్తే, గడిలోకి చేరకముందే తెలుగు ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టిన పాత సమాచారం ఆ ఫాంటు లేనిచోట పిచ్చి గీతల్లా కనిపించినా, మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో దాన్ని తిరిగి తెలుగులోకి తెచ్చుకోవచ్చు. ఒకసారి ప్రశ్నార్థకంగా నిల్వ అయిన అక్షరం మాత్రం ఏ మందుకూ లొంగదు. చోటు లెక్కలో కూడా పొరపడతారు. సుబ్రహ్మణ్యం అన్న పేరులో చదువరికి కనిపించేవి నాలుగు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో, హల్లులు, పొల్లులు, గుణింతపు గుర్తులు, సున్నా అన్నీ కలిపి 12 సంకేతాలు. ఆ సంకేతాలను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో 36 బైట్లు. ఇంగ్లీషు పేర్లు చూసి గడి వెడల్పు నిర్ణయించినవారు తెలుగు పేర్లను నడిమికి నరకడానికి ఏర్పాటు చేసినట్టే.

రసీదు సంఖ్యల సంగతి ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి పనిచేసినప్పుడు బయటపడుతుంది. చివరి రసీదు 1,240 అని ఇద్దరి ప్రోగ్రాములూ ఒకే క్షణంలో చదివి, చెరొక రసీదు మీదా 1,241 వేస్తాయి. ఆ గడిలో ఒకే సంఖ్య రెండుసార్లు రాకూడదన్న నియమాన్ని డేటాబేస్‌లోనే పెట్టి ఉంటే రెండో రసీదు తిరస్కరణకు గురవుతుంది, గుమాస్తా మళ్లీ ప్రయత్నించవచ్చు. లేకపోతే ఒకే సంఖ్యతో రెండు రసీదులు ఆడిటరు ముందుకు వెళతాయి. డేటాబేస్ తానే సంఖ్య వేసే ఏర్పాటు వాడవచ్చు గానీ, మధ్యలో రద్దయిన నమోదుల వల్ల అందులో సంఖ్యలు తప్పిపోతుంటాయి. వరస తెగకుండా కావాలంటే సంఖ్యను తీసుకోవడం, రసీదు రాయడం రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. జరిగితే పూర్తిగా జరగడం, లేకపోతే అసలేమీ జరగకపోవడం ట్రాన్సాక్షన్ లక్షణం. ఈ రంగంలో చేసిన కృషికే జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం దక్కింది. నెట్‌వర్క్ మీద పంచుకున్న యాక్సెస్ ఫైలు రాత మధ్యలో కరెంటు పోతే చెడిపోవడం, ఆ ఫైలు 2 గిగాబైట్లకు చేరగానే పెరుగుదల ఆగిపోవడం కూడా తెలిసిన బాధలే. ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటివి ప్రతి మార్పునూ ముందుగా లాగ్ అనే చిట్టాలో రాసుకుంటాయి కనుక కరెంటు తిరిగి వచ్చాక సరిచేసుకోగలవు.

ఇన్ని నిశ్శబ్ద తప్పులకు తోడు, వచ్చిన సందేశాన్ని కూడా నొక్కేసే అలవాటు ఒకటుంది. విజువల్ బేసిక్‌లో ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని ఒక వాక్యం రాస్తే, ఆ తరువాత ఏ తప్పు వచ్చినా ప్రోగ్రాము పట్టించుకోకుండా తరువాతి వరసకు వెళ్లిపోతుంది. రసీదు ముద్రణ అవుతుంది, పట్టికలో నమోదు మాత్రం కాదు. వాడుకరికి ఇబ్బంది కలగకూడదని దీన్ని ప్రోగ్రాము పైభాగాన పెట్టేవారు పద్దులకు చేసే కీడు, చెడిపోయిన ఫైలు చేసే దానికన్నా ఎక్కువ.

ప్రోగ్రాము చేయించుకునే సంఘాలు తెర రంగులు, బటన్లు చూసి సంతృప్తిపడకుండా కొన్ని పరీక్షలు తామే చేసుకోవాలి: నెల మొదటి వారపు తేదీతో ఒక రసీదు, కొటేషన్ గుర్తున్న ఒక పేరు, తెలుగులోనో హిందీలోనో మరొక పేరు, పైసలతో కూడిన పది చెల్లింపులు, రెండు కంప్యూటర్ల నుంచి ఒకేసారి రెండు రసీదులు నమోదు చేసి పట్టికలో ఏం చేరిందో చూడాలి. ప్రతి గడి రకం, తప్పనిసరి నియమాలు కాగితం మీద రాసిమ్మని అడిగి, బ్యాకప్‌ను మరో కంప్యూటరులో తెరిచి చూపించిన తరువాతే చివరి వాయిదా సొమ్ము చెల్లించాలి.