ఇంటికి క్రొత్త రూటరు

కాలువ నీరు పొలమునకు వచ్చు విధమును మన ఏలూరు ప్రాంతపు బాలబాలికలందరును ఎరుగుదురు. కాలువ నుండి తూము ద్వారా నీరు బోదెలోనికి దిగును. బోదె నుండి మడులకు పారును. ఇంటర్నెట్టు మన యిండ్లకు వచ్చు విధమును ఇట్టిదే. 2017 డిసెంబరు 27వ తేదీన ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభముల మీదుగా గాజు తీగను ఊరూరికి చేర్చ పూనినది. ఆ తీగలో సమాచారము కాంతిరూపమున ప్రవహించును. ఇంటిలోని ఓ.ఎన్.టి. అను పెట్టె ఆ కాంతిని విద్యుత్ సంకేతములుగా మార్చును. వానిని ఫోనులకు, కంప్యూటర్లకు పంచిపెట్టునది రూటరు. పెక్కు ఇండ్లలో ఈ రెండు పనులను ఒకే పెట్టె చేయుచున్నది.

కొన్నియేండ్ల క్రిందట నా మనుమరాలు వెనుక గదిలో కూర్చుండి ఒక పరీక్షకు దరఖాస్తు పంపుచుండెను. గడువు ఆ రాత్రితో తీరును. గదిలోనికి వైఫై అందదాయెను. పాత రూటరు చెడినదని తలచి, నేను పరుగున పోయి నాలుగు కొమ్ములు గల ఖరీదైన రూటరును కొని తెచ్చి, పాతదాని చోటనే ఉంచితిని. ఫలము లేకపోయెను. అప్పుడా బాలిక దానిని ఇనుప బీరువా వెనుక నుండి తీసి, నడిమి గదిలో ఎత్తైన గూటిలో నుంచెను. దరఖాస్తు వెళ్లినది. నా పింఛనులో కొంత వృథాగా పోయినది. లోపమెచ్చటనో తెలియక మార్పు చేయరాదని నాకు నాడు బోధపడినది.

కావున కొనుటకు ముందు మూడు పరీక్షలు చేయవలయును. ఓ.ఎన్.టి. మీద ఎల్.ఓ.ఎస్. అను దీపము ఎర్రగా వెలిగినచో, కాంతి ఇంటికి చేరుట లేదని అర్థము. అది తీగ లోపము; సంస్థవారికి తెలుపవలయును. పెట్టె అసలు వెలుగనిచో, ముందు అడాప్టరును మార్చి చూడవలయును. క్రొత్త అడాప్టరు వోల్టులు పాతదానితో సమానముగా నుండవలయును. ఆంపియర్లు తక్కువ కారాదు. రూటరునకు తీగతో కలిపిన కంప్యూటరు చక్కగా పనిచేసి, దూరపు గదిలో వైఫై మాత్రమే అందనిచో, రూటరుండు చోటు మార్చి చూడవలయును.

ఇన్ని చూచిన పిదపను రూటరే చెడినదని తేలినచో, క్రొత్తదానిని ఎన్నుకొనవచ్చును. కాలువలో నీరు లేనిదే తూమును పెద్దది చేసి ఏమి లాభము? మీరు సెకనుకు 40 మెగాబిట్ల వేగమునకు చందా కట్టుచుండగా, వేయి మెగాబిట్ల రూటరు ఆ వేగమును పెంచజాలదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము గోడలను దాటి దూరము పోవును. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగము గలది గాని త్వరగా బలహీనపడును. రెండును గల రూటరు మేలు. కొల్లేటి లంకలోని చిన్న యింటికి సామాన్యమైనది ఒక్కటి చాలును. తాడేపల్లిగూడెమున మూడంతస్తుల మేడకు, కాంక్రీటు కప్పులు అడ్డగించుటచే, తీగతో కలిపిన రెండవ పెట్టె అవసరము కావచ్చును. ఓ.ఎన్.టి.యే చెడినచో సంస్థవారు అంగీకరించు రకమునే కొనవలయును.

భద్రతను మరువరాదు. 2018లో వెలువడిన డబ్ల్యు.పి.ఏ. 3 రక్షణ గలదానిని, తయారీదారు ఇంకను సవరణలు పంపుచున్నదానిని కొనుడు. పెట్టె మీద అచ్చైన సంకేతపదమును వెంటనే మార్చుడు. పాతదానిలోని వివరములను తుడిచివేసి, చెత్తకుప్పలో పడవేయక, విద్యుత్ పరికరముల వ్యర్థములను తీసికొను వారికి ఇండు.

విద్యార్థులారా! ఇట్టి విషయములలో నేడు పెద్దలు మిమ్మే సలహా అడుగుచున్నారు. వెల ఎక్కువైనది మంచిదని చెప్పకుడు. పరీక్షించి చెప్పుడు. ఇంటి ధనమును కాపాడుటయు విద్యకు ఫలమే.