పొయ్యిమీద కొళాయి అవసరమా?

తెనాలికి, బాపట్లకు నడుమ రైలుమార్గముపై ఉన్న చుండూరు కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఊరు. కాలువనీటితో వరి పండెడి ఈ సీమలో వంట అనగానే మొదట అన్నము. అన్నమునకు మొదట ఎసరు. ఆ నీరు పొయ్యిదాకా చేర్చుట స్త్రీలకు తరతరములుగా పెద్ద పని. పూర్వము నూతినుండియు, చెరువునుండియు బిందెలతో మోసెడివారు. నేడు అనేక గృహములలో కొళాయి వంటింటి సింకు వరకు వచ్చినది. సింకునుండి పొయ్యికి గల నాలుగడుగులు మాత్రమే మిగిలినవి.

ఆ నాలుగడుగులను గూడ తొలగించుటకు ఒక సాధనము కలదు. పొయ్యి వెనుక గోడకు, గిన్నె అంచుకంటె ఎత్తున, మడచుటకు వీలైన చేయిగల కొళాయిని బిగింతురు. కావలసినపుడు చేతిని ముందుకు లాగి గిన్నెలోనికి నీరు వదలవచ్చును. పని తీరిన పిమ్మట గోడకు చేర్చి మడచవచ్చును. గోడవద్ద ఒకటి, చివర ఒకటి, రెండు కవాటములు ఉండును. దీనిని పాట్ ఫిల్లర్ అందురు. పెద్దపెద్ద పాత్రలతో వండెడి హోటళ్లకు తగిన ఈ ఏర్పాటు అమెరికాలోని ఇండ్లలో వాడుకలోనికి వచ్చినది. క్రొత్తగా ఇల్లు కట్టువారు ఇది మనకును కావలెనా అని ఆలోచించుట సహజమే. దీనికి సమాధానము కొంత భౌతికశాస్త్రములోను, కొంత మన వంటలోను ఉన్నది.

శ్రమ ఎంత తగ్గును?

నీటితో కలిపి 10 కిలోల గిన్నెను అరమీటరు ఎత్తుటకు చేయవలసిన పని సుమారు 49 జౌల్‌లు. అదే 10 లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీల సెంటీగ్రేడుకు కాచుటకు సుమారు 29 లక్షల 30 వేల జౌల్‌ల ఉష్ణము కావలెను. అనగా కాచుటకు పట్టు శక్తి ఎత్తుటకు పట్టు శక్తికి దాదాపు 60 వేల రెట్లు. ఈ లెక్కను చూచినచో మోయుట అత్యల్పమైన పని.

అయినను నడుము నొచ్చును. ఏలన, శరీరమునకు తగులునది పని మాత్రమే కాదు, బలభ్రామకము. గిన్నెను రెండు చేతులతో ముందుకు పట్టుకొన్నపుడు దాని బరువు వెన్నెముకకు సుమారు 40 సెంటీమీటర్ల దూరమున ఉండును. దానిని నిలబెట్టు వీపు కండరములు వెన్నెముకకు దాదాపు 5 సెంటీమీటర్ల దూరముననే ఉన్నవి. తులాదండ సూత్రము ప్రకారము అవి ఎనిమిది రెట్లు బలముతో లాగవలెను. చేతిలోని 10 కిలోలు వీపునకు 80 కిలోలగును. పల్లెలలో స్త్రీలు బిందెను చంకన పెట్టుకొని నడుచుటలోని విజ్ఞత ఇదియే: అపుడు బరువు శరీరమునకు ఆనుకొని ఉండుటచేత భ్రామకము తగ్గును.

కనుక ప్రశ్న ఇది: మన ఇంట పొయ్యిపైకి ఎంత బరువు ఎక్కుచున్నది? నలుగురికి అరకిలో బియ్యము వండుటకు కుక్కరులో లీటరు, లీటరుంబావు నీరు చాలును. గంజి వార్చెడి పద్ధతిలో మూడు లీటర్లు పట్టవచ్చును. ఇంతటి బరువునకు గోడలో ప్రత్యేకముగా గొట్టము వేయనక్కరలేదు. పెండ్లివంటలో గాడిపొయ్యిమీది గుండిగకు 50 లీటర్ల నీరు కావలసినపుడు మాత్రము సంగతి వేరు. అచ్చట నీళ్లతో నిండిన గుండిగను ఎవరును ఎత్తరు. పొయ్యిమీద ఉంచిన తరువాతనే బకెట్లతోనో, రబ్బరు గొట్టముతోనో నింపుదురు. పొయ్యిమీది కొళాయి సూత్రము మన వంటవారికి ఎప్పటినుండియో తెలిసినదే.

సగము దారియే

ఈ కొళాయి నీటిని పొయ్యికి తెచ్చును గాని, పొయ్యినుండి తీసికొనిపోదు. వంటింటిలో నిజమైన అపాయము రెండవ సగములోనే ఉన్నది. 60 డిగ్రీల నీరే కొద్ది సెకనులలో చర్మమును లోతుగా కాల్చగలదు. అన్నము వార్చు గృహిణి మరుగుచున్న గంజితో కూడిన గిన్నెను మసిగుడ్డతో పట్టి, సిబ్బి అడ్డుపెట్టి వంచవలెను. నింపుట సులువైనదని నీరు మరింత పోసినచో, దింపునపుడు ఆ బరువు మరిగిన బరువై చేతికి వచ్చును. చన్నీటి శ్రమను తప్పించు సాధనము వేన్నీటి ప్రమాదమును తగ్గింపజాలదు.

నీటి సంగతి

దినమునకు ఒకటి రెండుసార్లు మాత్రమే తిప్పు కొళాయి గొట్టములో నీరు నిలువయుండును. 15 మిల్లీమీటర్ల లోపలి వ్యాసముగల మూడు మీటర్ల గొట్టములో అరలీటరుకు పైగా నీరు పట్టును. నిలువ నీటిలో క్రిమినాశకమైన క్లోరిన్ క్రమముగా తగ్గిపోవును. లోహపు భాగములనుండి కొన్ని లోహములు స్వల్పముగా కరగవచ్చును. కాబట్టి మొదటి అరలీటరును వంటకు వాడరాదు. దానిని పారబోయుటకు పొయ్యికడ తూము లేదు. గిన్నెలో పట్టి సింకుదాకా మోయవలసినదే!

మరొక సంగతి. తీరప్రాంతమున పలుచోట్ల భూగర్భజలము ఉప్పన. అందువలన అనేక కుటుంబములు శుద్ధిచేసిన నీటిని 20 లీటర్ల డబ్బాలలో తెచ్చుకొని త్రాగుటకు, వంటకు వాడుచున్నవి. మిద్దెమీది తొట్టినీరు వంటకు పనికిరాని ఇంట, ఆ నీటినే పొయ్యిపైకి తెచ్చు కొళాయివలన ప్రయోజనమేమి?

కారినచో?

సింకు కొళాయి కారినచో నీరు తూములోనికి పోవును. పొయ్యిపై కారినచో మంటపై పడును. మంట ఆరి గ్యాసు వెలువడుచుండవచ్చును. వంటగ్యాసు గాలికంటె బరువైనది గనుక నేలమట్టమున ప్రోగుపడును. సెకనుకొక చుక్క చొప్పున కారినను, 20 చుక్కలు ఒక మిల్లీలీటరని లెక్కించినచో, దినమునకు 4 లీటర్ల 320 మిల్లీలీటర్ల నీరు వృథాయగును. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ గ్రామీణులకు దినమునకు తలకు 55 లీటర్లు అందింప ఉద్దేశించినది. అందులో ఇది సుమారు పదమూడవ వంతు. ఈ కారణములచేతనే దీనికి రెండు కవాటములు పెట్టిరి. వాడిన తరువాత రెండింటిని కట్టవలెను.

ఎవరికి తగును?

ప్రతిదినము పదిలీటర్లకు మించిన పాత్రలు పొయ్యికెక్కెడి వసతిగృహములకు, బడిపిల్లల భోజనము వండుచోట్లకు, నడుమునొప్పిచే బరువెత్తలేనివారికి ఇది మేలు చేయును. సామాన్య గృహమునకు మాత్రము అంత అవసరము లేదు. ఖాళీ గిన్నెను ముందుగా పొయ్యిమీద ఉంచి, చెంబుతో నీరు పోసినచో అదే ఫలము కలుగును. ఇల్లు కట్టునపుడే సింకును పొయ్యికి చేరువగా, అదే అరుగుపై అమర్చినచో ఇంకను మేలు: నీరు తెచ్చుటయు, గంజి వార్చుటయు, రెండును సులువగును.

విద్యార్థులు తమ ఇంట ఒక వారముపాటు పొయ్యిమీదికి ఎక్కిన ప్రతి గిన్నె బరువును, సింకునుండి దాని దూరమును, మరిగిన తరువాత దానిని ఎన్నిసార్లు మోసిరో వ్రాసికొని చూడవలెను. ఆ పట్టికలో ఏ వరుస పెద్దదిగా కనబడునో, డబ్బు ఖర్చు పెట్టవలసినది అచ్చటనే.